అద్దంలో చూసి మాట్లాడే మనిషి

బస్సు డ్రైవరుకి నాలుగు నెలలుగా ఏమీ అనిపించడం లేదు. బాధపడుతున్నా బావుండేది, బాధలో ఉన్నవాణ్ణి ఎలా ఓదార్చాలో ఇంట్లోవాళ్ళకి తెలుసు. ఇతనికి అదీ లేదు. వేళకి లేస్తాడు, పెట్టింది తింటాడు, పడుకోమంటే పడుకుంటాడు. నెల కిందట కూతురు తన పసిగుడ్డుని తెచ్చి ఒళ్ళో పెడితే, ఎవరిదో పార్సిల్ పట్టుకున్నట్టు పట్టుకుని, గోడకేసి చూస్తూ, "ఇక తీసుకో అమ్మా" అన్నాడు. కూతురు పల్లెత్తు మాట అనలేదు గానీ, మళ్ళీ బిడ్డతో ఈ గడప తొక్కలేదు.

జరిగింది అందరికీ తెలిసిందే. ఒక సాయంత్రం అతని బస్సు కింద పడి ఒక పెద్దాయన చనిపోయాడు. రోడ్డు మీది కెమెరా చూసి, ఆయనే ఉన్నట్టుండి అడ్డం వచ్చాడనీ, డ్రైవరు తప్పు లేదనీ విచారణలో తేల్చేశారు. డిపో మేనేజరు వీపు తట్టి సెలవిచ్చాడు. తప్పు లేదని తేలాక కూడా ఈ మనిషికేమొచ్చిందని బంధువులు ముక్కున వేలేసుకున్నారు.

భార్య ఊరుకునే రకం కాదు. కౌన్సెలింగ్ చేసేవాళ్ళ దగ్గరికి లాక్కుపోయింది. మొదటాయన మరీ మెత్తటి మనిషి. ఎదురుగా కూర్చుని, కళ్ళలో కళ్ళు పెట్టి, "అప్పుడు మీకేమనిపించింది?" అని మాటిమాటికీ అడిగేవాడు. ఏమీ అనిపించకే కదయ్యా నీ దగ్గరికొచ్చింది! మూడో వారానికి టేబుల్ మీది టిష్యూలు ఆయనే వాడుకున్నాడు. రెండో ఆవిడ కాగితాలు నింపమంది: ఈరోజు దిగులు పదికి ఎంత? డ్రైవరు ప్రతి గడిలోనూ సున్నా వేసి, డ్యూటీ దిగేటప్పుడు ట్రిప్ షీటు ఇచ్చినట్టే కింద సంతకం పెట్టి ఇచ్చేవాడు.

"నాకివన్నీ పనిచెయ్యవే. వదిలెయ్" అన్నాడు.

"చెప్పులు కొనడానికెళ్తే కొట్లో ఉన్న జతలన్నీ దింపిస్తారు. దీనికి మాత్రం రెండు చూసి లేచొచ్చేస్తారా? ఇంకొకరిని చూద్దాం. వాళ్ళూ కాకపోతే ఇంకొకరు" అంది భార్య. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మనవరాలు అక్కడ పెరిగిపోతోందండీ" అంది. ఆమె గొంతు వణకడం అతను విన్నాడు. విన్నాడు, అంతే.

మూడో ఆవిడ నడివయసు మనిషి. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ తలుపు తీసింది.

"ముందే చెప్తున్నానండీ. రెండు మూడుసార్లు వచ్చి చూడండి. నా పద్ధతి నప్పకపోతే మొహమాటపడకుండా చెప్పెయ్యండి. వేరేవాళ్ళ పేర్లు నేనే ఇస్తాను. నాకేం కోపం రాదు."

డ్రైవరు తలూపి, తిన్నగా వెళ్ళి ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. గదిలో కిటికీకి ఎదురుగా, వీధిని చూస్తూ ఉన్నది అదొక్కటే మరి. ఇరవై ఆరేళ్ళు రోడ్డుకి ఎదురుగా కూర్చున్న ఒళ్ళు, అడక్కుండానే అక్కడికి పోయింది. సంగతి తెలిసి, కంగారుగా లేవబోయాడు.

"ఉండండి, ఉండండి" అంటూ ఆవిడ ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చి, అతనికి ఓ అడుగు వెనకగా, పక్కకి వేసుకుంది. "బస్సులో మీతో మాట్లాడేవాళ్ళు ఎక్కడుంటారు?"

"ఇంచుమించు మీరున్న చోటేనండీ. నేను అద్దంలో చూసి మాట్లాడతా. తల తిప్పకూడదు కదా."

"అయితే తిప్పకండి."

వీధిలో ఎర్ర లైటు పడింది. ఒక వ్యాను ఆగింది, మళ్ళీ కదిలింది. వెనక ఆవిడ ముక్కు ఎగబీల్చింది. డ్రైవరు వీధినే చూస్తూ నోరు విప్పాడు.

"కెమెరాలో పడనిది ఒకటుందండీ. వెనక సీట్లో ఒకావిడ ఒళ్ళో పాప. ఆర్నెల్లుంటాయేమో. అద్దంలో నన్నే చూస్తోంది. నేను నాలుక బయటపెట్టి వెక్కిరించాను. రెండు సెకన్లు. అంతే."

ఈ మాట అతను భార్యకి కూడా చెప్పలేదు. మీ తప్పేం లేదని ఈ మూడో ఆవిడ కూడా అంటుందనుకున్నాడు. అందరూ అన్నదే అది. ఆవిడ అనలేదు.

"పాప నవ్విందా?" అని అడిగింది.

డ్రైవరు చేతులు రెండూ ముందుకొచ్చి, అక్కడ లేని స్టీరింగుని గట్టిగా పట్టుకున్నాయి.

"నవ్విందండీ" అన్నాడు. "ఇంకోసారి నవ్వుతుందేమోనని అద్దంలోనే చూస్తున్నాను, ఆయన అడ్డం వచ్చినప్పుడు."

తన ఒంట్లో జరుగుతున్నదేమిటో తనకే తెలియనట్టు, ఆశ్చర్యంగా అన్నాడు.

"నొప్పిగా ఉందండీ."