గొరిల్లా వీపు మీద కుట్లు

పొద్దున్నే వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, నారాయణమ్మ కొడుకు వీపు కుట్టింది.

వీపంటే హరిబాబు సొంత వీపు కాదు, గొరిల్లాది. రెండు నల్ల గొంగళ్లు, గోనెడు కొబ్బరి పీచు, ఏదో నాటకాల కంపెనీవాళ్లు పారేసిపోయిన ఎలుగుబంటి తలకాయ, ఇవన్నీ కలిపి వాడే తయారుచేసుకున్నాడా తొడుగు. మెడ దగ్గర్నుంచి నడుం దాకా వెనక జిప్పు ఉంది. ఆ జిప్పు ఎవరి కంటా పడకూడదని వాడి పంతం.

"పాత సినిమాలు సూసి జనం నవ్వీది దానికేనే అమ్మా. గొరిల్లా ఎనక్కి తిరిగితే సాలు, జిప్పు తళుక్కుమనీది. నా గొరిల్లాకి జిప్పు అగుపించకూడదు. పైన పీచు పరిచేసి వలదారంతో కుట్టీ."

"మరి ఇప్పడమెలాగరా?"

"సాయంత్రం ఇంటికొచ్చేక కోసీ. ఏటవుద్ది?"

ఏటవుద్ది అన్న మాట నారాయణమ్మ ముందు అనకూడదు. ఏమేం అవుతుందో ఆమె దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది మరి. మొగుడు ఎల్లాజీ గుజరాత్ వైపు వేరావల్లో బోటు మీద పనికి పోయాడు; అక్కణ్నుంచి ఫోను కాస్త ఆలస్యమైతే చాలు, బోటు మునిగి, శవం దొరక్క, తను రైలెక్కి వెతుక్కుంటూ వెళ్లడం దాకా మనసులో జరిగిపోతుంది. అయినా కుట్టింది. కుట్టేటప్పుడు ఇంకో భయం పట్టుకుంది: నలుగురి ముందూ కుట్టు ఊడిపోతే పిల్లాడు నవ్వులపాలవుతాడేమోనని. అందుకని ప్రతి కుట్టుకీ ముడి మీద ముడి బిగించింది. వల కుట్టే చెయ్యి అది. సొరచేప తన్నుకున్నా ఊడని ముడి.

హరిబాబు రాజాంలో డిప్లొమా చదివినప్పుడు వినోద్ అని ఒక స్నేహితుడు తగులుకున్నాడు. చదువెంత అబ్బిందో గానీ, ఇద్దరికీ ఒకే పిచ్చి పట్టింది. పూర్వం ఎవరో చవగ్గా తీసి పడేసిన సినిమాలు, అడవి సినిమాలు, దెయ్యాల సినిమాలు, టోపీలు పెట్టుకుని గుర్రాల మీద తిరిగే పిస్తోళ్ల సినిమాలు, ఫోన్లో వెతుక్కుని చూసేవాళ్లు. ఒకే సింహం మూడుసార్లు ఒకేలా ఆవలిస్తుంది. అస్థిపంజరానికి కట్టిన దారం కనబడుతూనే ఉంటుంది. గుర్రం వెనక కొబ్బరిచెట్టు. "అబద్ధమని తెలిసిపోతన్నా గుండె జల్లుమంటాది సూడు, అదే మజా" అంటాడు హరిబాబు. అలాంటిదొకటి తామూ తీసి యూట్యూబులో పెడతామని ఇప్పుడు హరిబాబు ఊరు భావనపాడు మీద పడ్డారు. ఊరి సరుగుడు తోటే వాళ్ల ఆఫ్రికా.

నారాయణమ్మకు అందులో మజా ఏమిటో తెలీదు. చిన్నప్పుడు నౌపడలో డేరా వేస్తే అయ్య భుజాన వేసుకుని అలాంటి సినిమాకే తీసుకెళ్లాడు. గొరిల్లా వచ్చినంతసేపూ అయ్య ఒళ్లో తల దాచుకుంది. ఆఖర్న వేటగాళ్లు కాల్చేస్తే అది కొండ మీంచి పడి చచ్చింది. డేరా అంతా ఈలలు. ఈ పిల్ల ఒక్కతీ వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తరహా సినిమాల్లో ఎవరు బతికినా గొరిల్లా మటుకు బతకదని అప్పుడే తెలిసిపోయింది. ఇప్పుడా గొరిల్లాను తన చేతుల్తోనే కుట్టి పంపుతోంది.

"నీల్లలోకి పడనని నా తల మీద సెయ్యెట్టి సెప్పు" అంది.

చెయ్యి పెట్టాడు. నల్లటి బొచ్చు చెయ్యి.

మధ్యాహ్నానికి ఒడ్డున చిన్న తిరనాళ్లలా ఉంది. ఈ సినిమావాళ్లు తప్ప మగాళ్లందరూ పక్క ఊళ్లో పెళ్లికి పోయారు. ఆడాళ్లూ పిల్లలూ చేరారు. నారాయణమ్మ తమ్ముడు కొండబాబు తన ఫైబరు పడవకు తాటాకులు కట్టి తెప్పలా చేశాడు. అడవి సినిమాలో మోటారెక్కడిదని హరిబాబు గోల పెడితే మోటారు విప్పి ఇసుకలో పెట్టాడు. కత్తీ పలుపుతాళ్లూ ఉండే పెట్టె కూడా దాని పక్కనే ఉంది. తడుస్తాయని ఫోన్లు వినోద్ సంచీలో పడ్డాయి. రెండు తెడ్లు మటుకు మిగిలాయి. హీరోయిన్ పిల్లను సముద్రంలోకి పంపనని వాళ్లమ్మ కచ్చితంగా చెప్పేసిందట. ఆమె బదులు చీర చుట్టిన గడ్డిబొమ్మ పడవలో పడుకుంది.

"ఆ తల్లికున్న బుద్ధి నాకు నేకపోయింది" అని గొణిగింది నారాయణమ్మ.

పక్కింటి ముసలమ్మ జగ్గమ్మ విని కిసుక్కున నవ్వింది. "నీ కొడుకు గొరిల్లాయేనే, దాన్నెవుడెత్తుకుపోతాడు?"

గొరిల్లాను ఎక్కించుకుని కొండబాబు తెడ్డు వేశాడు; కెరటాలు విరిగే చోటు దాటి పడవ ఆగింది. వినోద్ ఒడ్డున ఇసుకలో మూడు కాళ్లు పాతిన కెమెరా వెనక నుంచి అరిచాడు. గొరిల్లా లేచి నిలబడి గుండెలు బాదుకుంది. ఒడ్డున పిల్లలు టపాకాయ పేల్చారు, అదే వేటగాడి తుపాకీ. గొరిల్లా ఒళ్లు విరుచుకుని, గిర్రున తిరిగి, మాట తప్పకుండా పడవలోకే పడింది.

పడ్డది తెడ్డు మీద. విరిగిన చప్పుడు ఒడ్డుకు వినబడలేదు. కొండబాబు విరిగిన ముక్కను పైకెత్తి చూపించాడు. పిల్లలు అది కూడా సినిమాలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

నారాయణమ్మ కొట్టలేదు. అప్పటికే గాలి మారింది. ఆమె పైట కొంగు పొద్దున్నుంచీ ఒక వైపుకు ఎగురుతూ ఉండేది, ఇప్పుడు మొగ వైపుకు లాగుతోంది. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటే మొగ. అక్కడ ఏటి నీళ్లూ కెరటాలూ ఢీకొని గుండం తిరుగుతాయి. మోటారున్న పడవే అక్కడికి పోవడానికి జంకుతుంది. ఒక్క తెడ్డుతో ఉన్న పడవ మెల్లమెల్లగా అటే జరుగుతోంది. దాని ఇవతల కెరటాలు ఇందాకటికన్నా లావుగా లేస్తున్నాయి.

"నడిచి రాలేరా పిన్నీ, పోనీ ఈదుకుంటూ?" అన్నాడు వినోద్. రాజాం పిల్లాడు, ఒడ్డున నీళ్లంటే మోకాలి లోతనుకుంటాడు.

"ఆ గొంగళ్లు తడిస్తే ఎంత బరువెక్కుతాయో తెలుసేటిరా? ఇప్పుకోడానికి జిప్పు నేదు. నానే కుట్టీసేను." రెండు చేతులూ చాపి చూసుకుంది. "నా సేతుల్తో కుట్టీసేను."

పడవ మీద కొండబాబు చేత్తో ఎండ అడ్డం పెట్టుకుని ఒడ్డుకేసి చూస్తున్నాడు.

"మావయ్య ఎందుకు ఆగిపోయాడు? వచ్చేయొచ్చు కదా?" అని మళ్లీ అడిగాడు వినోద్.

"పిలుపు కోసం సూస్తన్నాడు."

కెరటం అవతల ఉన్నవాడికి దాని వీపే కనబడుతుంది, అది ఎక్కడ విరుగుతోందో కనబడదు. అందుకని సముద్రం కోపంగా ఉన్న రోజు ఒడ్డున ఒక మనిషి తువ్వాలు పట్టుకుని నిలబడాలి. పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాక సముద్రం కాసేపు పడుకుంటుంది. ఆ ఆఖరి పెద్ద కెరటం వెనకే పడవ బయల్దేరాలి. ఏది ఆఖరిదో ఒడ్డున ఉన్నవాళ్లే తేల్చి తువ్వాలు తిప్పాలి. తిప్పితే ఇక వెనక్కి పిలవడం ఉండదు. జగ్గమ్మ ఈ ఊళ్లో చాలాకాలం పిలిచింది. ఇప్పుడు ఆమె కళ్లకు పొరలు.

ముసలమ్మ భుజం మీది తువ్వాలు తీసి నారాయణమ్మ చేతిలో పెట్టింది.

"నానా? ఓలమ్మ, నావల్ల కాదే."

"ఇంకెవులున్నారే? నీ సేతికి తువ్వాలిస్తే పడవలు దీపావళి దాకా సంద్రంలోనే ఉండిపోతాయని నీ మొగుడు నవ్వీవోడు, నాకు తెలుసు. అయినా నువ్వే పిలవాల."

"ఇలా ఇవ్వండి, నేను ఊపుతాను" అని వినోద్ తువ్వాలు అందుకోబోయాడు.

నారాయణమ్మ గుంజుకుంది. "నువ్వు ఊపితే వొచ్చీసి సచ్చిపోతార్రా! నువ్వు సంద్రాన్ని సూసి ఊపుతావేటి? వాల్లని సూసి ఊపుతావు."

అన్నాక ఆ మాట తనకే తగిలింది. పిలిచే మనిషి పడవను చూడకూడదు. చూస్తే ప్రాణం లాగుతుంది, చెయ్యి తొందరపడుతుంది. కెరటాన్నే చూడాలి. వాడు పుట్టిన దగ్గర్నుంచి వాడి మీంచి చూపు తిప్పని మనిషి ఆమె. బడికి పోతే వీధి మలుపు దాకా, రాజాం బస్సెక్కితే బస్సు దుమ్ము అణిగేదాకా చూసేది. ఇప్పుడు కళ్లెదుట వాడు మొగ వైపు కొట్టుకుపోతుంటే చూడకుండా ఉండాలి.

నీళ్లలోకి మోకాళ్ల దాకా దిగింది. చూపు కెరటాల మీద నిలబెట్టింది.

ఒకటి లేచి విరిగింది. దాని వెనక ఇంకోటి, దానికన్నా పెద్దది. ఆ వెనకది మరీ ఎత్తు. అది విరిగి నురగ కాళ్లను కొట్టేసరికి అవతల నీళ్లు చదునయ్యాయి. ఇదేనా? చెయ్యి లేవబోయింది. ఇది కాకపోతే? ఆ చదునుకు అవతల ఇంకోటి పొంచి ఉంటే? పడవ సరిగ్గా నడిమధ్యకు వచ్చాక లేస్తే? ఆమె మనసులో అప్పటికే పడవ బోర్లా పడింది. గొంగళ్లు నీళ్లు తాగాయి. పీచులోంచి బుడగలు వచ్చాయి. చెయ్యి లేవలేదు.

సముద్రం కాసేపు పడుకుని మళ్లీ లేచింది.

"పోనాదేటే?" అంది జగ్గమ్మ, వినికిడితోనే పోల్చుకుని.

"పోనాది."

"ఇంకో మాటు అలా సేసేవంటే మొగలోకి పోతారు. ఇనబడుతోందా నీకు? నాకు మొగ గోల ఇనబడిపోతోంది."

నారాయణమ్మకూ వినబడుతోంది. దాంతోపాటు ఇంకోటి కూడా. గాలిలో తెగిపోతూ, "అమ్మా! అమ్మో!"

తల తిప్పలేదు. మెడ నరాలు నొప్పి పెట్టాయి గానీ తిప్పలేదు. పెదాలు మటుకు కదులుతున్నాయి, గంగమ్మ తల్లీ గంగమ్మ తల్లీ అని. వెనక ఆడాళ్లలో ఎవరో ఏడుపు ఎత్తుకోబోతే జగ్గమ్మ "నోరు ముయ్యవే" అని కసిరింది.

మళ్లీ వరస మొదలైంది. మొదటిది. ఆ తర్వాతది. తర్వాతది గోడలా లేచి, నెత్తిన నురగ కట్టుకుని వంగింది. దాని వెనక ఏముందో కనబడదు. కనబడేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. ఒక్క తెడ్డు పడవకు ముందే చెప్పాలి. వెనక ఏమీ లేదనుకోవాలి. అలా అనుకోవడం ఆమెకు ఈ జన్మలో తెలీదు.

అనుకుంది. తువ్వాలు తలపైకెత్తి గిరగిరా తిప్పింది. పళ్లు బిగించి, భుజం ఊడేలా తిప్పింది.

గోడ విరిగిపడింది. దాని వెనక నుంచి పడవ ముక్కు వచ్చింది. కొండబాబు వెనక నిలబడి తెడ్డు వేస్తున్నాడు. ముందు గొరిల్లా విరిగిన తెడ్డు ముక్కతో నీళ్లను పిచ్చిపట్టినట్టు తోస్తోంది. నీళ్లు చదునుగా ఉన్నాయి. కాసేపే. పడవ వెనకాల దూరంగా, నారాయణమ్మకు నీళ్లు ఉబ్బుతున్నట్టు కనబడింది. తను ఎప్పుడూ చూసే ఉబ్బేనా, నిజంగా ఉన్న ఉబ్బా? తేల్చుకునేలోపే అది లేచింది. నిజంగా ఉన్నదే.

"లాగరా! ఒరే కొండా, లాగరా!"

కెరటం ఒడ్డు దగ్గర పడవను అందుకుని, పక్కకు తిప్పి బోర్లించింది. ఇద్దరూ నీళ్లలో పడ్డారు. ఛాతీ లోతు. కొండబాబు లేచాడు. గొరిల్లా లేవలేదు.

ఆమె ఎలా పరిగెత్తిందో ఆమెకు తెలీదు. చేతికి తడి పీచు తగిలింది. లాగితే దున్నపోతు బరువు. కొండబాబు చంకల కింద చేతులేశాడు. వినోద్ కెమెరా వదిలి, బట్టలతోనే నీళ్లలో దూకి ఎలుగుబంటి తలకాయ పట్టుకు పీకితే అది ఊడి వచ్చింది. లోపల హరిబాబు మొహం తేలింది, నల్లగా, నోరు తెరుచుకుని. ముగ్గురూ ఈడ్చి ఇసుక మీదికి తెచ్చి పడేశారు.

"కత్తి! పెట్టిలో కత్తి!" అన్నాడు కొండబాబు.

వినోద్ పరిగెత్తి తెచ్చాడు. నారాయణమ్మ ఎవరికీ ఇవ్వలేదు. బోర్లా తిప్పించి, మెడ దగ్గర మొదలుపెట్టింది. నీళ్లు తాగి కుట్లు మరింత బిగుసుకున్నాయి. ఒక్కో ముడీ తనదే, ఒక్కో ముడీ తనే తిట్టుకుంటూ కోసింది. కింద కొడుకు చర్మం ఉందని కత్తి మొన పైకి తిప్పుకుంది. నడుం దాకా వచ్చేసరికి గొంగళి విడిపోయింది. కొండబాబు మోకాలితో నొక్కితే హరిబాబు ఉప్పునీళ్లు కక్కాడు. దగ్గాడు. మళ్లీ కక్కాడు.

జగ్గమ్మ తడుముకుంటూ వచ్చి వాడి పాదం పట్టుకుని చూసింది. "యెచ్చగానే ఉన్నాడే" అంది.

కొండబాబు ఇసుకలో వెల్లకిలా పడిపోయాడు. కాసేపటికి ఊపిరి అందాక అక్కకేసి తిరిగి గొణిగాడు. "ముందు మాటు సంద్రం సల్లగా పడుకున్నాది కదప్పా. అప్పుడెందుకు పిలవనేదు?"

"ఇప్పుడెందుకు పిలిచేనురా అని సూస్తన్నాను నాను."

"ఇంకో మాటు పోగొట్టి ఉంటే మొగలో ఏరుకుందువు మమ్మల్ని."

హరిబాబు మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చెంపల నిండా కొబ్బరి పీచు అంటుకుపోయింది.

"అమ్మా, నాను పిలిచేను. రెండు మాట్లు పిలిచేను. నువ్వు నా వేపు సూడనే నేదు."

"సూస్తే సచ్చిపోదువురా" అంది నారాయణమ్మ.

ఇప్పుడు చూసింది. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. కింది పెదవి తెగింది. మెడ వెనక కత్తి మొన తగిలి సన్నగా నెత్తురు గీత. అన్నీ చూసింది, చూసిందే మళ్లీ చూసింది. వినోద్ ఇసుకలో పడిపోయిన కెమెరా ఎత్తి దులుపుతున్నా, ఆడాళ్లు దిష్టి తియ్యాలని మిరపకాయల కోసం పిల్లల్ని తరుముతున్నా ఆమె తల తిప్పలేదు.

"ఏటే అలా సూస్తన్నావు? అందరూ ఉన్నారు."

"నోర్ముయ్యి" అంది. "కదలకు."