నిద్రపుచ్చిన బండి

ఇల్లు ఖాళీ చేయాల్సిన వారం వచ్చింది. బదిలీ అయిన ఊళ్ళో నేను చూసుకున్న వాటా మూడో అంతస్తులో ఉంది. కింద బండి పెట్టుకోవడానికి చోటు లేదు. చోటున్నా ప్రయోజనం లేదు, నాకు బండి నడపడం రాదు.

మా ఇంట్లో బండి నడిపింది మా ఆవిడ. నీటి మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం ఆమెది, వీధి వీధీ తిరగాలి. వాళ్ళ నాన్న వాడిన పాత మోటారుసైకిల్నే చివరిదాకా వాడింది. పొద్దున్నే నన్ను వెనక కూర్చోబెట్టుకుని, బడి గేటు ముందు దించి, కావాలనే ఒకసారి హారన్ కొట్టి వెళ్ళేది. "పార్సెల్ వచ్చిందిరోయ్" అని గోడ చాటునుంచి పిల్లలు అరిచేవాళ్ళు. నాకు వినపడేది. ఆమెకీ వినపడేది.

ఆమె పోయి ఏడాది దాటింది. బండి మాత్రం మెట్లకింద పాత దుప్పటి కప్పుకుని అలాగే ఉంది.

ఆదివారం ఉదయం మా బావమరిది వచ్చాడు. ఆమెకి ఒక్కడే తమ్ముడు. ఇంట్లో అందరూ బుడ్డోడంటారు గానీ, గుమ్మం దాటాలంటే వాడు తల వంచుకోవాలి. ప్రెస్సులో మిషను నడుపుతాడు. బండి స్టార్టయితే తను తీసుకెళ్తానన్నాడు. కాకపోతే పాతసామాన్లవాడే దిక్కు.

"ఏం బావా, సామాన్లు సర్దేశావా? లేక పుస్తకాల దగ్గరే ఆగిపోయావా?"

"పుస్తకాలే ఇంకా అవలేదురా."

"అనుకున్నా. అక్కుంటే ఆ కట్టలన్నీ నీ నెత్తిమీదే పెట్టించేది."

అనేసి, వెంటనే వంగి దుప్పటి లాగాడు.

ఒక మాట ముందే చెప్పాలి. అప్పట్లో డాక్టరు నన్నూ బుడ్డోణ్ణీ వరండాలోకి పిలిచాడు. ఆపరేషన్ చేస్తాం గానీ ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆమెకి చెప్పొద్దని ఇద్దరం అక్కడే అనుకున్నాం. చిన్న గడ్డ, వారంలో ఇంటికి వచ్చేయొచ్చని చెప్పాం. "వారమేగా" అంది ఆమె. తిరిగి రాలేదు. తనకేం కాబోతోందో తెలియకుండా, భయపడకుండా వెళ్ళిపోయింది. ఏడాదిగా నేను ఈ ఒక్క మాట పట్టుకునే నిలబడ్డాను. వాడూ అంతే.

దుప్పటి తీయగానే దుమ్ము లేచింది. బండి పెద్ద స్టాండుమీద ఉంది. ఇంజను కింద ఇటుకలు పేర్చి ఉన్నాయి. చక్రాలు రెండూ నేలకి ఆనడం లేదు.

"ఈ ఇటుకలు నువ్వు పెట్టావా?"

"నాకు ఇటుకకీ ఇంజనుకీ తేడా తెలీదని మీ అక్కే అనేదిగా."

"అదీ నిజమే" అని నవ్వాడు.

సీటు విప్పాడు. బ్యాటరీ వైర్లు రెండూ ఊడదీసి, కొసలకి టేపు చుట్టి ఉన్నాయి. టేపు విప్పాడు. తనతో తెచ్చిన బ్యాటరీ బిగించి కిక్ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బండి కనీసం దగ్గనైనా లేదు.

"ఇదేం మొండిది బావా, అచ్చం అక్కలాగే."

"ప్లగ్గు చూడరాదూ?"

"అబ్బో! మాస్టారికి ప్లగ్గు దాకా వచ్చిందే."

ప్లగ్గు విప్పితే నూనెతో తడిసి ఉంది. ఇంజను లోపల అరిగిపోయి నూనె పైకి వచ్చేసిందేమోనన్నాడు. వేలితో తీసి వెలుగులో పట్టుకున్నాడు. వాసన చూశాడు. నాకూ కనపడింది, పలచగా, తేనెరంగులో, మసి అన్నది లేని నూనె. వాడి ముఖంలో నవ్వు పోయింది. ఆ తర్వాత చాలాసేపు వాడు నన్ను ఆటపట్టించలేదు. ప్లగ్గు తుడిచి, ఇంజనుకి ఆనించి కిక్ కొడితే నీలంగా నిప్పురవ్వ వచ్చింది. అక్కడ లోపం లేదు.

టాంకు మూత తీశాడు. పెట్రోలు మెడదాకా ఉంది.

"అక్క ఎప్పుడూ నిండా పోయించేది కాదే" అన్నాను. వాడితో మాట్లాడేటప్పుడు నాకూ ఆమెని అక్క అనడం అలవాటైపోయింది. "రెండు రోజులకి సరిపడా పోయించుకునేది. నిండా తాగిన బండి మాట వినదనేది."

వాడు క్యాను దగ్గరికి లాక్కున్నాడు. పాత రంగు డబ్బా మూత తీసినట్టు వాసన వేస్తున్న ఆ పెట్రోలంతా క్యానులోకి వంపి, సీసాతో తెచ్చిన కొత్తది పోశాడు. కార్బురేటర్ అడుగున చిన్న గిన్నె ఉంటుంది. నిలిచిపోయిన బండిలో అక్కడ పెట్రోలు బంకలా పేరుకుని ఉంటుందని వచ్చేటప్పుడే చెప్పాడు. దాన్ని గీకడానికి సన్న తీగ కూడా తెచ్చుకున్నాడు. గిన్నె విప్పాడు. కడిగి బోర్లించిన చెంచాలా శుభ్రంగా, పొడిగా ఉంది.

"బాగానే ఉందిలే" అంటూ గబగబా బిగించేశాడు.

ఆ తొందర నాకు తెలిసిందే. నేను వరసలోకి వస్తుంటే బల్లకింద ఏదో దాచే పిల్లల చేతుల్లో రోజూ చూసేదే.

నిప్పు ఉంది. పెట్రోలు ఉంది. మళ్ళీ కిక్ కొట్టాడు. రాడ్డు బరువుగా దిగి, వాడి కాలిని వెనక్కి తన్నింది. చొక్కా వీపుకి అంటుకుపోయేదాకా కొట్టి, మెట్టుమీద కూర్చున్నాడు.

"వదిలేద్దాం బావా. ట్రాలీ ఆటో మాట్లాడి మా ఇంటికి పట్టుకుపోతా. అక్కడ తాపీగా చూసుకుంటా."

"ఇక్కడ చూడాల్సింది ఇంకేం మిగిలిందిరా?"

"ఏమో." వాడి చూపు బండి వెనక్కి వెళ్ళి వచ్చింది.

నాకు ఇంజను తెలియదు. బండి వెనక కూర్చోవడం మాత్రం తెలుసు. ఆమె కిక్ కొట్టినప్పుడల్లా, స్టార్టయినా కాకపోయినా, సైలెన్సర్‌లోంచి ఒక్క ఊదు గాలి నా కుడి చీలమండకి తగిలేది. ప్యాంటు అంచు కదిలేది. ఇందాకటినుంచి నేను అక్కడే, వెనకే నిలబడి ఉన్నాను. అంచు కదలలేదు.

"ఇంకొక్కసారి కొట్టు."

"ఎందుకు?"

"కొట్టరా."

కొట్టాడు. నేను వంగి సైలెన్సర్ కొసకి అరచెయ్యి అడ్డంపెట్టాను. గాలి రాలేదు. లోపలికి వేలు పోనిస్తే మెత్తగా తగిలింది.

"బావా, వద్దు" అన్నాడు వాడు.

నేను వాడి సామాన్లలోంచి పట్టకారు తీసుకుని లాగాను. బిగుతుగా ముడివేసి, స్క్రూడ్రైవర్ పిడితోనో దేనితోనో లోపలికి నెట్టిన గుడ్డ. నూనె, మసి. ముడి విప్పితే మధ్యలో ఇంకా తెలుపు ఉంది. చుట్టూ నీలం అంచు. బళ్ళో సుద్ద అంటిన చేతులు తుడుచుకునే నా జేబురుమాలు.

ఆసుపత్రికి సంచి సర్దుతున్నప్పుడు దీనికోసమే ఇల్లంతా వెతికాను. "ఎక్కడికి పోతుందండీ, ఇంట్లోనే ఉంటుంది, దొరుకుతుందిలెండి" అంది ఆమె. ఇంట్లో పాతగుడ్డలకి కొదవ లేదు.

బుడ్డోడు నేలమీదికి చూస్తూ మాట్లాడాడు. "నాన్న ఏటా ఆర్నెల్లు పనికోసం బయటికి వెళ్ళేవాడు కదా బావా. వెళ్ళేముందు బండికి ఇదంతా చేసేవాడు. తుప్పు పట్టకుండా టాంకు నిండా పోసి, గిన్నె ఖాళీ చేసి, ప్లగ్గు సందులోంచి చెంచాడు నూనె వేసి, ఎలకలు దూరకుండా వెనక గుడ్డ కుక్కేవాడు. బండిని నిద్రపుచ్చుతున్నా, చప్పుడు చెయ్యకండి అనేవాడు. మా ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు."

"వారం రోజులకి వెళ్తే?"

"వారానికి ఇదంతా ఎవడు చేస్తాడు బావా?"

పక్కింట్లో ఎవరో బకెట్టులోకి నీళ్ళు పడుతున్నారు. అది నిండి పొర్లింది.

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. మెట్లకిందనుంచి పానా చప్పుడు వినపడుతూనే ఉంది. సాయంత్రం ఆమె లోపలికి వచ్చి సబ్బుపొడితో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. ఇంతసేపు ఏం చేశావన్నాను. "తుడుస్తున్నానండీ. వారంపాటు దుమ్ము కొట్టుకుపోతుంది కదా" అంది. వారం అన్న మాట నా ముఖంలోకి చూసి అంది. నమ్మింది కదా అని నాకు ఊపిరి తేలికైంది. నా ఊపిరి తేలికవడం ఆమె చూసే ఉంటుంది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"ప్లగ్గు విప్పినప్పుడు. ఆ నూనె కొత్తది."

"నాకు చెప్పకూడదనుకున్నావు."

"ఊఁ."

కోపం రాలేదు. వరండాలో మేమిద్దరం చేసిన పనే వాడు మళ్ళీ ఒక్కడే చేశాడు. వాడి భుజంమీద చెయ్యి వేశాను. "అక్క ఒక్కర్తే మోసిందిరా" అన్నాను.

వాడు మోచేత్తో ముఖం తుడుచుకుని లేచాడు. "పక్కకి జరుగు, పొగ వస్తుంది" అన్నాడు.

ఈసారి మూడో కిక్‌కి బండి ఒక్కసారి దగ్గి, తడబడి, అందుకుంది. తెల్లటి పొగ దట్టంగా వెనకనుంచి లేచి మెట్లకింద నిండి, గోడ దాటింది.

"ఏంటండీ మాస్టారూ, ఇల్లు గానీ తగలబెడుతున్నారా?" పక్కింటావిడ కేకేసింది.

"ఏం లేదండీ. బండి లేచింది."

"ఎంతసేపుంటుందిరా ఈ పొగ?" అని వాణ్ణి అడిగాను.

"అక్క పోసిన నూనె కాలేదాకా. తర్వాత రాదు."

"అయితే రేజ్ చెయ్యకు. మెల్లగా కాలనీ."

వాడు యాక్సిలరేటర్ మీంచి చెయ్యి తీసేశాడు. బండి తనంతట తాను, తక్కువ చప్పుడుతో ఆడింది. కళ్ళు మండుతున్నా ఇద్దరం పొగలోనే నిలబడ్డాం. తెలుపు పలచబడింది. వెనక గోడమీది పగులు కనపడింది, తర్వాత గోడంతా కనపడింది.

వాడు ఇటుకలు తీసి బండిని స్టాండుమీంచి దించాడు. చక్రాల్లో గాలి తక్కువగా ఉంది. మలుపు దగ్గర కొట్టించుకోవాలన్నాడు. అక్కణ్ణుంచి అటే ఇంటికి వెళ్ళిపోతాడని తెలుసు. గేటు దాకా నెట్టుకెళ్ళి, ఎక్కి కూర్చుని వెనక్కి తిరిగాడు.

"ఎక్కు బావా. మలుపుదాకా రా."

"తిరిగి నడిచి రావాలి కదరా."

"పార్సెల్ నడుస్తుందా ఎక్కడైనా? నేనే దింపుతాలే."

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. వాడి భుజం పట్టుకుని ఎక్కి, కాళ్ళు వాటి చోట పెట్టాను. కుడి చీలమండకి వెచ్చగా గాలి తగిలింది.