మాయమైన మైనస్

అన్నయ్య కళ్ళజోళ్ళ షాపు కోసం చెల్లెలు ఒక ప్రోగ్రాం రాసి మెయిల్లో పంపింది. ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా నడుస్తుందని ఓ పెద్ద కంపెనీ ఊదరగొట్టిన ప్రోగ్రామింగ్ భాషలోనే రాసింది. ఆమె ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. షాపులో కొత్తగా కొన్న కంప్యూటర్లో మాత్రం కంటి నంబర్ల ముందు మైనస్ గుర్తు మాయమైపోతోంది.

పొద్దున్నుంచీ ఆ కంపెనీ వాళ్ళతో చాట్‌లో తల బాదుకుంటోంది. "మా దగ్గర బాగానే వస్తోంది మేడమ్. ఆ కంప్యూటర్ తయారుచేసిన వాళ్ళని అడగండి" అని ఒకటే పాట. ఒళ్ళు మండిపోయి, "మీ దగ్గర వస్తే నాకేం ఒరుగుతుంది?" అని టైప్ చేసి పడేసింది.

అంతలో అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమ్మా, నీ ప్రోగ్రాం మైనస్ చూపించక, దూరం కనపడని టీచరమ్మకి దగ్గరవి చదువుకునే అద్దాలు బిగించబోయాను. పాత చీటీ చూశాను కాబట్టి సరిపోయింది."

"నా దగ్గర బాగానే వస్తోందే అన్నయ్యా!" అనేసి చెల్లెలు నాలుక కరుచుకుంది.

"అయితే నీ ల్యాప్‌టాప్ ఇక్కడ పెట్టి, ఈ డబ్బాని నువ్వే పట్టుకుపో."

సాయంత్రం ఆమె అలాగే చేసింది. డబ్బాని చంకనెత్తుకుని, తయారుచేసిన వాళ్ళని కూడా కడిగేద్దామన్న ఊపులో ఇంటికొచ్చింది. బల్లమీద పెట్టి, ఫోన్ నంబర్ కోసం దాన్ని వెనక్కి తిప్పింది.

అక్కడ ఉన్నది, పొద్దున్నుంచీ తను తిడుతున్న కంపెనీ పేరే.