తోకాంటీ

బురద తడిగా ఉన్నప్పుడు రుద్దకూడదు. రుద్దితే మరక బట్టలోకి ఇంకిపోతుంది. ఆరనిచ్చి, దులిపి, ఆ తర్వాతే నానబెట్టాలి. క్లబ్బు పిల్లల బనియన్లన్నీ పెరట్లో కుప్పగా పోసుకుని ఆమె ఒక్కొక్కటే దులుపుతుంటే, అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, చూడవచ్చిన పక్కింటావిడతో అంటోంది: "మావాడు ఈ వీధి పిల్లలందరికీ తండ్రిలాంటి వాడమ్మా. వాళ్ళ కోసం ఆదివారం కూడా ఇంటి పట్టున ఉండడు." ఆమె బనియన్‌ను ఇంకో రెండు దెబ్బలు గట్టిగా దులిపింది. ఆయన అందరికీ తండ్రయితే తనేమవుతుందో ఆ మాట ఎవరూ ఇంతవరకు పూర్తి చెయ్యలేదు.

ఆయన ఆ పరుగుల క్లబ్బుకు సెక్రటరీ. పొద్దున బ్యాంకు, సాయంత్రం మైదానం. ఆమెకూ ఉద్యోగం ఉంది, పళ్ళ డాక్టరు దగ్గర. రోగి నోరు తెరిచి పడుకుంటే డాక్టరు పక్కన నిలబడి ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకోవడం, ఆయన చెయ్యి చాచకముందే కావలసిన పనిముట్టు అందించడం. "ఈవిడ నా కుడి చెయ్యి" అని డాక్టరు రోగులకు పరిచయం చేస్తాడు. నొప్పి తగ్గినవాళ్ళు డాక్టరుకు దణ్ణం పెట్టి వెళతారు. కుడి చేతికి ఎవరూ దణ్ణం పెట్టరు కదా అనుకుని ఆమె మొదట్లో నవ్వుకునేది. ఇప్పుడు నవ్వడం కూడా మానేసింది. ఇంటికొచ్చాక క్లబ్బు పిల్లల కోసం గుడ్లు ఉడకబెట్టడం, నిమ్మరసం డబ్బాల్లో పోయడం, బనియన్లు మడతపెట్టడం. వాటిని పని అని ఎవరూ అనరు. "మా ఆవిడ సహకారం" అంటాడు ఆయన. మైకులో.

ఇవి గాక, పందెం రోజు ఆమెకు ఇంకో బాధ్యత ఉంది. క్రాస్‌కంట్రీ అంటే మైదానంలో గుండ్రంగా తిరిగే పరుగు కాదు. గట్ల మీదుగా, గుట్ట ఎక్కి, కాలువ దాటి, తోపు వెనక నుంచి చుట్టూ తిరిగి రావాలి. సగం దారిలో పిల్లలు ఎవరి కళ్ళకూ కనబడరు. అందుకని ఎవరూ దారి తప్పకుండా, కాలు మెలిక పడి ఎక్కడా కూలబడిపోకుండా, ఆఖరి పిల్ల వెనకాల ఒక మనిషి నడవాలి. ఆ మనిషి ఆమె. "నువ్వు చెయ్యి, ఖాళీ పనేగా. నడవడమే" అన్నాడు ఆయన మొదటిసారి. అప్పటి నుంచి ఆ పని ఆమెకు అతుక్కుపోయింది. పిల్లలు ఆమెకు తోకాంటీ అని పేరు పెట్టారు. పేరులో వెటకారం లేదు. వాళ్ళకు ఆమె అసలు పేరు తెలియదు, అంతే.

తోక పనిలో ఆమెకు ఒక సంగతి అర్థమయింది. ముగింపు గీత దగ్గర నిలబడ్డవాళ్ళకు పందెం అంటే వచ్చే ముఖాలు. ఆమెకు పందెం అంటే వెళ్ళిపోయే వీపులు. ముందు వీపులన్నీ ఒకేలా ఉంటాయి. చివరికొచ్చేసరికి ఒక్క వీపే మిగులుతుంది. దాన్ని ఆమె చాలాసేపు చూస్తుంది. ఆ వీపు ఏడుస్తుందా, ఆగిపోవాలనుకుంటుందా, ఇంట్లో ఏం చెప్పాలో ఆలోచిస్తుందా అన్నది తెలిసిపోతుంది. ఆ పిల్ల ఎంత నెమ్మదిగా వెళితే ఆమె అంత నెమ్మదిగా వెళుతుంది. ఒకరి వేగానికి తన వేగం కలపడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన విద్య. ఎవరూ ముందు లేకపోతే తను ఎంత వేగంగా నడుస్తుందో ఆమెకే తెలియదు.

ఆ ఏడు జిల్లా పందేలు వాళ్ళ క్లబ్బే జరిపింది. అమ్మాయిల పరుగు ముందు, అబ్బాయిలది తర్వాత. అబ్బాయిల్లో ఆమె కొడుకు ఉన్నాడు. వాడు గెలుస్తాడని ఇంట్లో అప్పటికే స్వీట్లు తెచ్చి పెట్టారు. అమ్మాయిల జట్టులో క్లబ్బుకు నలుగురే నలుగురు. నాలుగో పిల్లను అందరూ మిడత అంటారు. క్లబ్బులో చేరిన రోజున కాలువ మీంచి ఒక్క గెంతు గెంతిందని సెక్రటరీ గారే పెట్టిన పేరు. ఏడాది తిరిగేసరికి పిల్ల ఒళ్ళు చేసింది, గెంతు తగ్గింది. పేరు మటుకు అలాగే ఉండిపోయింది, ఇప్పుడు అందరూ నవ్వుతూ పిలుస్తారు.

తోపు వెనక మలుపు తిరిగేసరికి మిడత ఒక్కతే మిగిలింది. మిగతా పిల్లలు ఎప్పుడో కనుమరుగయ్యారు. పిల్ల రొప్పుతోంది కానీ ఆగలేదు. అప్పుడే గాలికి మైకు గొంతు తేలుతూ వచ్చింది. ఆమె భర్త గొంతు. "అమ్మాయిల పందెం ముగిసింది. అమ్మాయిల పందెం ముగిసింది. అబ్బాయిలందరూ గీత దగ్గరకు రావాల్సిందిగా కోరుతున్నాం."

మిడత కాళ్ళు రెండడుగులు తడబడ్డాయి. తర్వాత పిల్ల గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా? కాలు పట్టేసిందా?"

"లేదాంటీ." పిల్ల ఏడవడం లేదు. మామూలుగానే చెప్పింది. "అయిపోయిందంటగా."

అయిపోలేదు అనడానికి ఆమె దగ్గర మైకు లేదు. ఆమెకు వచ్చింది కోపం కాదు. తన ఎదటే తను లేనట్టు జరిగిపోయిన మాటలన్నీ ఒక్కసారి గుర్తుకురావడం. అందరూ తినేశారు, గిన్నెలు తీసెయ్ అని అత్తగారు అన్నప్పుడు తను ఇంకా తినలేదు. మన ఇంట్లో అందరికీ ఇష్టమే అని ఇల్లు మారేటప్పుడు ఆయన అన్నప్పుడు తనను ఎవరూ అడగలేదు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఆ అందరిలో తను లేదని గమనించలేదు, అంతే. అలాంటప్పుడల్లా తనూ ఇలాగే ఎక్కడో ఒకచోట కూర్చుండిపోయి ఉంటుంది. ఎవరూ చూడలేదు కాబట్టి తనూ చూసుకోలేదు.

తోపు పక్కగా స్కూటరు చప్పుడయింది. మైకు ఎవరికో ఇచ్చి ఆయనే వచ్చాడు. దిగలేదు, కాలు నేల మీద ఆనించి ఇంజను ఆపకుండానే అన్నాడు.

"ఇంకా ఇక్కడేనా? అడ్డదారిన తీసుకొచ్చెయ్ దాన్ని. అబ్బాయిలు గీత మీద నిలబడున్నారు."

"అడ్డదారిన వస్తే పందెం పూర్తి చేసినట్టు రాయరు."

"రాయకపోతే కొంపేం మునుగుతుంది? ఎలాగూ చివరేగా."

"ఈ పిల్ల నాలుగోది" అంది ఆమె.

"ఏ నాలుగోది?"

నలుగురూ గీత దాటితేనే జట్టుగా లెక్కలోకి వస్తారని, ఒక్కరు తగ్గినా మిగతా ముగ్గురి పరుగూ జట్టుకు పనికిరాదని ఆయనే ఎన్నోసార్లు పిల్లల తల్లిదండ్రులకు విడమరిచి చెప్పాడు, ఆమె కలిపిచ్చిన టీ తాగుతూ. ఆయన మర్చిపోలేదు. అమ్మాయిలకు కూడా జట్టు ఉంటుందన్నది ఆయన తలలో లేదు.

"అమ్మాయిల జట్టుకి" అంది.

ఆయన ఓసారి పిల్ల వైపు చూసి గొంతు తగ్గించాడు. "చూడు, బహుమతులిచ్చే టైర్ల షాపాయనకి వేరే పనుంది, వెళ్ళిపోతానంటున్నాడు. పైగా మనవాడు ఒళ్ళు వేడెక్కించుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇలా నిలబెడితే కాళ్ళు బిగుసుకుపోతాయి. వాడు నీ కొడుకు, గుర్తుందా?"

గుర్తుంది. వాడి మేజోళ్ళు ఎక్కడున్నాయో, వాడికి కడుపులో ఏది పడదో, నిద్రలో ఎటు తిరిగి పడుకుంటాడో అన్నీ గుర్తున్నాయి. గుర్తు పెట్టుకోవడమే ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్న పని. ఇప్పుడు కొడుకు ఒక పక్క, ఎవరి పిల్లో ఒక పక్క అని ఆయన తూకం వేస్తున్నాడు. ఆ తక్కెడ తను తెచ్చింది కాదు. మైకులో ఒక్క మాట సరిదిద్దితే తీరిపోయేదానికి తల్లి ప్రేమను ఎందుకు లాగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

"మీరు వెళ్ళి పందెం ఇంకా అవలేదని చెప్పండి. మైకులో" అంది. "మేం దారినే వస్తాం."

ఆయన పరాయి పిల్ల ముందు గొడవ ఎందుకనుకున్నాడేమో, స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. మైకు మళ్ళీ పలకలేదు.

చెయ్యి పట్టుకుని లేపితే పిల్లను పందెం నుంచి తీసేస్తారు. ముట్టుకోకూడదు. అందుకని ఆమె గట్టు కింద నిలబడి అంది, "నేను తోకనమ్మా. నువ్వు కదిలితేనే నేను కదలాలి. నాకు ఇంట్లో బోలెడు పనుంది."

మిడత నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు కానీ లేచింది. కొంత నడిచింది, కొంత పరిగెత్తింది. గుట్ట దిగేటప్పుడు చేతులు రెండూ చాచుకుని దిగింది. ఆమె వెనకాలే వెళ్ళింది.

గీత దగ్గర తాళ్ళు చుట్టేస్తున్నారు. అబ్బాయిలు చంకల్లో చేతులు పెట్టుకుని ఒంటికాలి మీద ఎగురుతున్నారు. వాళ్ళలో తన కొడుకు ముఖం ఆమెకు కనిపించింది, చూడనట్టు చూసింది. గడియారం పట్టుకుని కూర్చునే రిటైరయిన డ్రిల్లు మాస్టారు మజ్జిగ గ్లాసుతో ఎవరితోనో మాట్లాడుతున్నారు.

"మాస్టారూ, గడియారం ఆపేశారా?" ఆమె అరిచింది. అంత గొంతు తనకుందని ఆమెకే తెలియదు.

ఆయన ఉలిక్కిపడి చేతిలోకి చూసుకున్నారు. "లేదమ్మా. ఆపమని ఎవరూ చెప్పలేదే!"

మిడత గీత దాటింది. చప్పట్లు పెద్దగా లేవు. ముందే వచ్చిన ముగ్గురమ్మాయిలు మాత్రం పరిగెత్తుకొచ్చి ఆ పిల్లను వాటేసుకున్నారు. అమ్మాయిల జట్టుకు మూడో స్థానం వచ్చింది. ఆ తర్వాత అబ్బాయిలు పరిగెత్తారు. ఆమె వాళ్ళ వెనక కూడా నడిచింది. కొడుకు నాలుగోవాడిగా వచ్చాడు.

ఇంటికొచ్చాక ఆయన బోలెడు మాట్లాడాడు. "పదిమందిలో నా పరువు తీశావు. నిన్ను అడిగింది ఒకటే, వెనక నడవమని. అదీ చాతకాలేదు." అత్తగారు స్వీట్ల డబ్బా బీరువాలో పెడుతూ, "కన్నకొడుకు కన్నా ఎవరి పిల్లో ఎక్కువైంది. ఏ తల్లయినా చేస్తుందా?" అంది గోడతో చెప్పినట్టు. ఆమె వంట చేసింది. కూర మామూలుగానే కుదిరింది. అది ఆమెకే వింతగా తోచింది.

కొడుకు నీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చాడు. గ్లాసు ఖాళీ చేసి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా కాళ్ళేం బిగుసుకోలేదు" అన్నాడు. "ఆ ముగ్గురూ నాకంటే బాగా పరిగెడతారు. అంతే."

"ఆ మాట నాన్నతో చెప్పు."

"చెప్పను." గ్లాసు బోర్లించి, "నీతో చెబుతున్నానుగా" అన్నాడు.

వీడికీ నాతో చెబితే చాలు అనుకుంది ఆమె. తనతో చెప్పిన మాట ఎక్కడికీ పోదు కాబట్టి అందరూ తనతోనే చెబుతారు. నిజాలన్నీ వంటింటి దాకా వస్తాయి, ముందు గదిలోకి పోవు. తీసుకెళ్ళాలంటే ఎవరో ఒకరు మోయాలి.

ఆ వారంలోనే వాళ్ళింటి ముందు గదిలో క్లబ్బు కమిటీ కూర్చుంది. టైర్ల షాపాయన, డ్రిల్లు మాస్టారు, ఇంకొందరు మగవాళ్ళు. ఆమె టీ పళ్ళెం పట్టుకుని వెళ్ళేసరికి మొన్న జరిగిన ఆలస్యం గురించే మాట్లాడుతున్నారు. వెనకబడిన పిల్లలను సగం దారిలోనే తీసెయ్యాలని ఆమె భర్త చెబుతున్నాడు, కాగితం మీద రాసి పెట్టుకున్నట్టు వరసగా. అందరికీ టీలు అందించాక ఆమె వెళ్ళిపోలేదు.

"వచ్చేసారి పరుగులు మొదలుపెట్టే విజిల్ నేను ఊదుతాను" అంది.

టైర్ల షాపాయన నవ్వాడు. "ఊదమ్మా, దానికేం భాగ్యం! మరి వెనక ఎవరు నడుస్తారు?"

"ఆయన నడుస్తారు." భర్త వైపు చూపించింది. "ఖాళీ పనేనని ఆయనే అన్నారు."

"ఏం మాట్లాడుతున్నావు నువ్వు? లోపలికి వెళ్ళు" అన్నాడు ఆయన.

"వెళతాను. విజిల్ నా చేతిలో లేకపోతే నేను రాను. అది చెప్పి వెళదామని."

ఆమె రాకపోతే ఏమవుతుందని మొదట ఎవరూ అనుకోలేదు. తర్వాత ఒకాయన, "మరి బనియన్ల సంగతి?" అన్నాడు. ఇంకొకాయన, "నిమ్మరసం కూడా ఈవిడేగా" అన్నాడు. గుడ్లు, మందుల పెట్టె, పిల్లల తల్లులకు ఫోన్లు. ఒక్కొక్కటే గుర్తొస్తూ గది నెమ్మదిగా చల్లబడింది. డ్రిల్లు మాస్టారు టీ కప్పు కింద పెట్టి, "ఆవిడ చెప్పినట్టే కానివ్వండి" అన్నారు.

ఆమె ఖాళీ కప్పుల కోసం ఆగలేదు.

తర్వాతి పందెం నాడు వానపడి నేల చిత్తడిగా ఉంది. అమ్మాయిలను విజిల్ ఊది పంపింది. మొదటి పిల్లలు వచ్చేశారు, మధ్యవాళ్ళు వచ్చేశారు. అబ్బాయిలు వచ్చి గీత వెనక గుమిగూడారు. టైర్ల షాపాయన దగ్గరకొచ్చి, "ఇక అబ్బాయిలకు ఊదేయొచ్చుగా అమ్మా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అబ్బాయిలను నిలబడ్డచోటే కాళ్ళు ఆడిస్తూ ఉండమంది.

ఫోను మోగింది. ఆయన. గాలి చప్పుడు మధ్య ఆయాసంగా వినిపించాడు. "ఇక్కడో పిల్ల కూర్చుండిపోయింది. పలకడం లేదు. నాకేం తోచడం లేదు. ఏం చెయ్యమంటావు?"

"పక్కన కూర్చోండి" అంది.

"అందరూ ఎదురుచూస్తుంటారు అక్కడ. ఎంతసేపు?"

"అది ఆ పిల్ల చెబుతుంది."