ఏసేపు తెచ్చిన తీగ

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, తలుపు వెనక తీగ కింద సత్తుగిన్నె పెట్టడం విశ్వాసమ్మకు రోజూ ఉండే పనే. మొగుడు ఏసేపు నల్లమలలో వెదురు కొట్టే పనికి పోయినప్పుడు ఆ తీగ కొమ్మను తుంచుకొచ్చి పగిలిన కుండలో నాటినాడు. అడవిలో తల్లితీగ చేయంత లావున మాన్లను చుట్టుకొని, చాటంత ఆకులేస్తుందంట. ఇంట్లో మాత్రం తమలపాకులంత ఆకులతో గోడ పట్టుకొని దూలం దాకా పాకింది. నల్లమలలో వాన పడితే ఇక్కడ ఆ ఆకుల కొసల నుంచి నీళ్లు కారేవి. కల్లూరు పక్కనున్న ఆ పాలెంలో రెండేండ్లుగా సరైన వాన లేదు. ఇరుగుపొరుగు చెంబులు తెచ్చుకొని తలా ఇన్ని పట్టుకుపోయేవాళ్లు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, ఆఫీసుల కొట్టాలకు వెదురు కావాలంటే ఏసేపు మళ్లీ అడవికి పోయినాడు. తిరిగి రాలేదు.

"ఎవరో ఆడమనిషితో బళ్లారి దిక్కు పోయినాడమ్మా," అన్నాడు వెదురు పని మేస్త్రి బసవరాజు, ఆమె మొహం చూడకుండా.

పాలెం నమ్మింది. విశ్వాసమ్మా నమ్మింది. అత్త రాహేలమ్మతో మాటలు తగ్గించి, కడపలో ఉన్న అన్న దగ్గరికి పోవడానికి ఒప్పుకుంది.

అన్న రావడానికి ముందు రోజు తీగ దూలం మీద నుంచి వేర్లు దించింది. అవి నేల మీద ఒకదాన్నొకటి అల్లుకుంటూ, మధ్యలో ఖాళీ వదిలి లావయినాయి. మధ్యాహ్నానికి ఆ ఖాళీకి భుజాలు వచ్చినాయి. ముడుచుకున్న మోకాళ్లు వచ్చినాయి. ఏసేపు అట్లనే పండుకునేవాడు. తల ఒక పక్క లోపలికి కుంగి ఉండాది.

రాహేలమ్మ దాన్ని తడిమి చూసింది. "నా కొడుకు యాడికీ పోలేదు మ్మే. అడవిలోనే పడుండాడు."

"ఇన్ని నెలలూ తిట్టుకుంటానే ఉంటినత్తా."

"నేనూ తిట్టుకుంటి."

చర్చి అయ్యగారు ప్రేమయ్య వచ్చి చూసినాడు. ఆ రూపును మట్టి చేసి సమాధిలో పెట్టాలంటే తీగ కోయాల్సిందేనన్నాడు. గడప బయట జనం చెంబులతో నిలబడినారు.

"వాన పడేదాకా ఆగరాదా తల్లీ? పిల్లలుండారు," అన్నాడు పక్కింటి దాసన్న నెమ్మదిగా.

విశ్వాసమ్మ కొడవలి తీసుకొని తీగను మొదలుకాడ కోసింది. నీళ్లు గడప దాకా పారినాయి. ఎవరికి వాళ్లు వంగి పట్టుకున్నారు. కాసేపటికి తీగ ఎండిపోయింది.

ఆ వేర్ల రూపును దుప్పటిలో చుట్టి నలుగురు ఎత్తినారు. మనిషి బరువే ఉండాది. సమాధుల తోట చేరేలోపల రెండుసార్లు భుజాలు మార్చుకున్నారు.

మర్నాడు అన్న వచ్చినాడు. "నేను రాలేనన్నా. అత్త ఒక్కతే ఉండాది," అంది విశ్వాసమ్మ.

ఆ పొద్దు దూరపు బావికి పోతూ పాలెం ఆడోళ్లు ఆమెను పిలవలేదు. అత్తాకోడండ్లు కుండలెత్తుకొని, వాళ్ల వెనకాల కొంచెం ఎడంగా నడిచినారు.