పలికే గుండు

పెనుకొండను చూసినోళ్లకు తెలుసు, అది ఒక్క కొండ కాదు, ఒకదాని భుజమెక్కి ఇంకొకటి కూర్చున్న కొండల గుంపు. కూలిన బురుజులు, సీతాఫలం పొదలు, మనుషులను లెక్కచెయ్యని కోతులు, అన్నీ దాటి పైకి పోతే పడమటి అంచున పెద్ద బండ ఒకటి ఉండాది. దాన్ని పలికే గుండు అంటారు.

కోట కట్టిన కాలంలో గొర్రెలు కాచే ఒకామె మొగుడు దండులో చేరి తిరిగి రాలేదంట. ఆమె ఆ గుండెక్కి పొద్దుగూకేదాకా పేరు పెట్టి పిలిచిందంట. వినీ వినీ కొండకే కడుపు తరుక్కుపోయి, ఆయన బదులు తానే పలికిందంట. అప్పట్నుంచి మొగుడు కానరాకుండా పోయిన ఆడమనిషి ఆడికి పోయి పేరు పెట్టి పిలవాల. బతికుంటే కొండ పలుకుతుంది, లేకుంటే పలకదు. కొండకేం, పలికి ఊరుకుంటుంది. ఆ పలుకు పట్టుకుని బతకాల్సింది ఆడమనిషి కదా!

ముదిగుబ్బ పక్క పల్లెలో ఉండే ఉలిగమ్మకు ఆ గుండెక్కాల్సిన గతి పట్టింది. పందొమ్మిదివందల యాభైరెండు కరువులో, ఊళ్లో సర్కారోళ్లు గంజి పోసే దినాల్లో, ఆమె మొగుడు కాఫీతోటల్లో కూలికని బయల్దేరినాడు. హిందూపురం స్టేషన్లో చూసినోళ్లు ఉండారు. ఆ పైన చూసినోళ్లు లేరు. పేరు ఓబుళప్ప. మనం చెప్పుకోవచ్చు గాని, ఉలిగమ్మ నోట ఆ పేరు ఒక్కనాడూ రాలేదు. పెండ్లాం మొగుణ్ని పేరు పెట్టి పిలిస్తే ఆయనకు ఆయుస్సు తగ్గుతుందని వాళ్ల నమ్మకం.

పదేండ్లు కావస్తాంది. ఉలిగమ్మా, అత్త కొండమ్మా నాలుగు గొర్రెలు పెట్టుకుని బతుకుతాండారు. కొండమ్మ మాటలు తక్కువ మనిషి. ఉలిగమ్మ గొర్రెలతో మాట్లాడేది, పొయ్యితో మాట్లాడేది. ఈ పొద్దు ఏం కూర చేసినావని అడిగే దిక్కు కూడా లేదు.

అట్లాంటప్పుడు ఆమడగూరు మారెప్ప ఆమెను చేసుకుంటానని కబురు పంపినాడు. పెండ్లాం పోయినోడు, నెమ్మదస్తుడు. వాళ్ల కులంలో మారుమనువు ఉండాది. ఉలిగమ్మకు మనసైంది. దాచేదేముంది, బాగా మనసైంది. కులపెద్దలు మాత్రం ఒప్పుకోలేదు. "మొగుడు బతికుంటే ఎట్లమ్మా? పోయి పలికే గుండెక్కి పిలిచి రా. కొండ పలక్కుంటే నీ ఇష్టం. పలికిందా, మళ్లా ఈ మాట ఎత్తొద్దు" అన్నారు.

అత్తాకోడండ్లు ధర్మవరం దాకా బస్సులో పోయి, ఆడ రైలెక్కినారు. రైల్లో పట్టుచీరల మూట పెట్టుకున్న ఒకామె "మొక్కుబడికి పోతాండారా?" అని అడిగింది. ఇద్దరూ తలకాయ ఊపినారు.

కొండ కింద కొండమ్మ చతికిలబడింది. "నా మోకాళ్లు రావు మే. నువ్వు పోయి గట్టిగా పిలువు."

ఉలిగమ్మ ఒక్కతే ఎక్కింది. గుండు మీద నిలబడితే కిందంతా ఎండిన చేన్లు, మనిషి అలికిడి లేదు. తొలి రెండేండ్లు ఆయన బతికుండాలని ఆమె మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే నోటితో, పలకొద్దు తల్లీ అని కొండకు మొక్కుతాంది. ఛీ, నేనేం మనిషిని అనుకొనింది. అంతలో లోయలో ఎవరో గొర్రెలోడు "హోయ్" అని కేకేసినాడు. కొండ కూడా "హోయ్" అనింది.

ఎవరు పిలిచినా పలుకుతుంది ఇది! ఉలిగమ్మ పేరు పెట్టి పిలవనే లేదు. దిగబోయే ముందు మాత్రం, అన్నం తినేదానికి పిలిచినట్టు, "ఏమయ్యా" అనింది సన్నగా. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు. మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

కింద కొండమ్మ కూర్చున్న చోటే ఉండాది. "పలికిందా?"

"పలకల్యా అత్తా."

కొండమ్మ ఆమె మొగం చూసింది. "గొర్రెలోడి కేక ఈడికి ఇనపడింది. నీ గొంతు ఇనపడల్యా."

ఉలిగమ్మ ఆమె కాళ్ల మీద పడిపోయింది. కొండమ్మ ఆమె రెక్క పట్టి లేపింది. "ఏడ్వద్దు. పలుకుతుందని నీకు భయం. పలకదేమోనని నాకు భయం. మోకాళ్లు బాగుండినప్పుడు ఒక్కతూరన్నా ఈ కొండెక్కి నా బిడ్డను పిలిచినానా? పిలవల్యా. పద, రైలుకు పొద్దు పోతాంది."

మర్నాడు కులపెద్దలు కూర్చున్నారు. ఉలిగమ్మ నోరు తెరిచే లోపలే కొండమ్మ ముందుకొచ్చింది. "కొండ పలకల్యా. నేను కిందనే ఉండా, నా చెవులతో ఇన్నా."

"ఇంకొకతూరి పిలిపించి చూద్దామా కొండమ్మా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

"వద్దప్పా. పోయినాడు నా ఓబుళప్ప" అనింది. అని, నేలమీద కూలబడి, కొడుకు శవం ముందర పెట్టుకున్నట్టు ఏడ్చింది. ఇన్నేండ్లలో ఆమె ఏడ్చింది చూసినోళ్లు లేరు.

అత్త దగ్గరికి పోబోయి ఉలిగమ్మ ఆగిపోయింది. ఆమెను పట్టుకుని ఓదార్చేదానికి తాను ఇంకా ఆ ఇంటి కోడలేనా కాదా, ఉలిగమ్మకు తెలియలేదు.