ఒక్క మాట ముందు వినే ఎడమ చెవి

తాండూరు స్టేషను వెనక గల్లీలో అంజిలయ్యది మైకు సెట్టు దుకాణం. పొద్దున్నే తలుపు తీసి, రెండు హారన్ల మూతులూ పాత ధోవతి ముక్కతో తుడిచి, బ్యాటరీలో నీళ్లు చూసి, మైకు ముందు నిలబడి "హలో, హలో" అనేవాడు. ఎదురుగా చాయ్ హోటల్ శివయ్య "ఇనపడ్తున్నది తియ్, చెవులు పలుగుతున్నయి" అని కసురుకోవాలి. కసురుకుంటే సెట్టు బాగున్నట్టు లెక్క. శివయ్య ఊళ్లో లేని రోజు పాపం అంజిలయ్యకు ఏమీ తోచేది కాదు.

అరవై రెండు, అరవై మూడు నాటి మాట. అప్పటికే ఈ చుట్టుపట్ల మైకు లేని పెండ్లి పెండ్లే కాదన్నట్టు తయారైంది జనం. బాగానే ఉంది గాని, మైకు పెట్టేవాడి తిప్పలు ఎవరికి పట్టాయి? హారన్లు జనం వైపు తిరిగి ఉంటాయి, తనేమో వాటి వెనక కూచుంటాడు. బయట ఎలా వినిపిస్తోందో అందరికీ తెలుసు, వాడికొక్కడికే తెలియదు. పూడూరులో ఒక పెండ్లికి డోలు దగ్గర ఒక మైకు, పాడే ఆడవాళ్ల దగ్గర ఒక మైకు పెట్టి, తన చెవికి తోచినట్టు రెండింటి నాబులూ తిప్పాడు. ఊరంతా డోలు విన్నది, పాట ఒక్కరూ వినలేదు. పెండ్లికొడుకు మేనత్త అన్నాలకాడ పట్టుకుని "నోళ్లు నొయ్యంగ పాడితిమి గదరా, నీ డోలు పాడుగాను!" అని దులిపేసింది. అంజిలయ్య సగం విస్తరి మీదనుంచే లేచాడు. మర్నాడు హెడ్‌ఫోన్లు కొనడానికి హైదరాబాదు రైలెక్కాడు.

జుమ్మెరాత్ బజారులో పాత సామాన్లమ్మే ముసలాయన మూడు జతలు ముందర పడేసి, చిన్న యాంప్లిఫైయరుకు ఒక్కొక్కటే తగిలించి, మైకులో తనే మాట్లాడుతూ వినిపించాడు. మొదటిది మస్తు తేలిక. చెవుల మీద ఆనీ ఆననట్టు కూచుంది, బజారు గోలంతా లోపలికి వచ్చింది. పక్కన డోలు మోగుతుంటే ఇది దేనికి పనికొస్తుంది? రెండోది మెత్తగా ఉంది. అందులో వింటే ముసలాయన దగ్గు కూడా పాటలాగే ఉంది. అంజిలయ్యకు ఆశ పుట్టింది గాని వెంటనే తీసి పక్కన పెట్టాడు.

"ఇది అబద్ధాలు జెప్తది. ఇందుల ఇంత తియ్యగుంటె నేను నాబు ముట్టనే ముట్ట. ఆడ బయట జనాల చెవులు పలుగుతుంటయి," అన్నాడు.

మూడోది పాత మిలిటరీది. బరువు, నల్లతోలు డొప్పలు, తలను గట్టిగా పట్టుకుంది. పెట్టుకోగానే బజారు మాయమైంది. ముసలాయన గొంతు గరగరా, ఉన్నదున్నట్టు వచ్చింది.

"గిదియ్యి."

"తీస్కో భాయ్. ముందే జెప్తున్న, మల్ల నన్ననొద్దు. దీని ఎడమ చెవి ఒక్క మాట ముందు ఇంటది," అన్నాడు ముసలాయన.

"ముందుంటె ఏం ఫికర్ లేదు. ఎనకబడితెనే పరేషాన్," అని అంజిలయ్య దాన్ని సంచిలో వేసుకున్నాడు.

నిజంగానే విన్నది. మనిషి అనబోయే మాట ఎడమ డొప్పలో ముందు వచ్చేది, అదే మాట కుడి డొప్పలో తర్వాత వచ్చేది. కొన్నాళ్లు తల తిరిగినట్టయింది, తర్వాత అలవాటైపోయింది. లోపల గొంతు పెద్దగా పెట్టుకుంటే చెవి మొద్దుబారుతుందని, చిన్నగా పెట్టుకుని వినాలని నేర్చుకున్నాడు. మధ్యమధ్య కుడి డొప్ప జరిపి జనం ఏమనుకుంటున్నారో కూడా వినేవాడు. ఎడమ చెవిలో భజన గురువు దగ్గు వినపడగానే నాబు తగ్గించేవాడు. గురువు దగ్గేవాడు, హారన్లోకి దగ్గు రాకపోయేది, కుడి చెవిలోకీ రాకపోయేది. అంజిలయ్య సెట్టు పెడితే పాట కడిగిన ముత్యంలా వస్తుందని మోమిన్‌పేట్ దాకా పేరొచ్చింది.

ఆ చెవి సంగతి దాచిందేమీ కాదు, అందరికీ తెలుసు. హెడ్‌ఫోన్ అనే పేరు నోరు తిరగక "అంజిలయ్య డొప్పలు" అనేవారు. గంజి బజారులో కందులు కొనే సేటు ఒకడు మాత్రం వచ్చి, రేపు కందుల ధర ఎట్లుంటదో విని చెప్పమన్నాడు.

"ఒక్క మాట ముందే ఇంటది సేటూ, రేపటి దాంక యాడ పోతది?" అన్నాడు అంజిలయ్య.

"గంతేనా! మరెందుకది?" అని సేటు చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ ఎండాకాలం దేవమ్మ పంచాయితీ వచ్చింది. దేవమ్మ తాండూరులో నాపరాళ్లు మోసే మనిషి. మొగుడు జంగప్పది కరణ్‌కోట. వాడు ఇంకొకామెను తెచ్చుకున్ననాటి నుంచి దేవమ్మ కూతురు మొగులమ్మను చంకనేసుకుని వచ్చి, రాళ్లు మోసి సాకుతోంది. ఇన్నేండ్లూ పిల్ల తిన్నదా పన్నదా అని అడగని అత్త ఎంకమ్మకు ఇప్పుడు మనవరాలు యాదికొచ్చింది. ప్రేమ పొంగి కాదు లెండి! రెండో కోడలికి కొడుకు పుట్టాడు. వాణ్ని ఎత్తుకు తిరగడానికి జీతం లేని పిల్ల కావాలి.

వాళ్ల కులపు పెద్దమనుషులది ఒక కట్టుబాటు. విడిపోయే ఇద్దరిలో ఎవరో ఒకరు నలుగురిలో "తెగింది" అనాలి. ఆ మాట ఎవరు ముందంటే వాళ్లకు పిల్లల మీద హక్కు పోతుంది. అందుకని ఇద్దరూ విడిపోదామనే వస్తారు, ఆ మాట మాత్రం ఇద్దరూ అనరు. ఎదుటివాళ్లను పొడిచి పొడిచి వాళ్ల నోట అనిపించాలని చూస్తారు. అంతకుముందు ఒక పంచాయితీలో ఎవరు ముందన్నారో తేలక కట్టెలు లేచాయి, తలలు పగిలాయి. అందుకే పెద్దమనిషి హన్మయ్య ఈసారి మైకులు పెట్టించాడు.

"ఇగ లొల్లి లేదు. మైకుల ఒచ్చిందే మాట. మైకుల రానిది మాటనే గాదు," అని ముందుగానే అందరికీ చెప్పాడు.

స్టేషను పక్క రాళ్ల అడ్డాలో పందిరి వేశారు. జంగప్ప ముందొక మైకు, దేవమ్మ ముందొక మైకు. హన్మయ్య స్వయంగా వచ్చి నాబులు చూశాడు.

"ఇద్దరికి సమానం వెట్టు అంజిలయ్యా. ఒకరి దిక్కు ఒంగినవని తెలిస్తె నీ సెట్టు ఇగ ఎవ్వరు వెట్టుకోరు."

"నాకేం పని పటేలా? నాకు ఇద్దరు సమానమే," అన్నాడు అంజిలయ్య. అన్నప్పుడు మనసులో కూడా అదే ఉంది.

పొద్దెక్కేదాకా అటు మాట ఇటు, ఇటు మాట అటు. దేవమ్మ పక్కన రాళ్లు మోసే శాంతవ్వ కూచుని, ఆమె కోపానికి వచ్చినప్పుడల్లా తొడ మీద గిల్లుతోంది. మొగులమ్మ ఆడవాళ్ల మధ్యలో తల్లి సద్దిమూట ఒళ్లో పెట్టుకుని కూచుంది. జంగప్ప ముందు తియ్యగా మాట్లాడి చూశాడు, దేవమ్మ కరగలేదు. వంట రాదన్నాడు, సోమరిదన్నాడు, దేవమ్మ పలకలేదు. అప్పుడు వెనకనుంచి ఎంకమ్మ కొడుకు చెవిలో ఏదో చెప్పింది. జంగప్ప మైకు దగ్గరికి జరిగాడు.

"అసలు గా పిల్లకు నా పోలికనే లేదు. ఎవని పిల్లనో ఎవనికెరుక?"

ఆ మాట రెండు హారన్లలోంచి స్టేషను దాకా పోయింది. పందిట్లో ఆడవాళ్లంతా "అయ్యో!" అన్నారు. దేవమ్మ లేచి నిలబడింది.

అంజిలయ్య ఎడమ చెవిలో దేవమ్మ గొంతు వచ్చింది: "థూ, తెగింది పో!"

దేవమ్మ ఇంకా నోరు తెరవలేదు. ఈ మాట బయటికి పోయిందా, పిల్ల పోయినట్టే. తిట్టరాని తిట్టు తిట్టి, తిట్టినవాడే పిల్లను పట్టుకుపోతాడు! ఇదేం న్యాయం? సమానమని హన్మయ్యకు మాటిచ్చిన సంగతి గుర్తుంది. సెట్టు మూలకు పడితే ఏం తిని బతకాలన్న భయమూ ఉంది. అటు చూస్తే మొగులమ్మ తల్లి ముఖంలోకే చూస్తోంది. అంజిలయ్య దేవమ్మ నాబును కిందికి తిప్పేశాడు.

అదే సమయానికి వాడీ జంక్షను వైపు పోయే గూడ్సు బండి పందిరి వెనకగా దడదడమని వచ్చింది. దేవమ్మ నోరు కదిలింది. కుడి చెవిలో ఏమీ రాలేదు. హారన్లలో ఏమీ రాలేదు. అనకూడని మాట నోట్లోంచి పోయిందని తెలిసి దేవమ్మ మాత్రం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కుప్పలా కూచుండిపోయింది.

ఎదురుగా ఉన్న జంగప్పకు వినిపించనే వినిపించింది. వాడి ముఖం వెలిగిపోయింది. అంజిలయ్య ఎడమ చెవిలోకి ఈసారి జంగప్ప కేక వచ్చింది. దాన్ని విని అంజిలయ్య జంగప్ప నాబును ఎంత దూరం పోతే అంత దూరం పైకి తిప్పాడు.

"తెగింది! తెగిందన్నది!" అని జంగప్ప మైకు పట్టుకుని అరిచాడు.

బండి చప్పుడు మీదనుంచి ఆ అరుపు ఊరంతా విన్నది. చాయ్ హోటల్ దగ్గర శివయ్య "అరె, జంగప్ప తెంపేసిండు!" అని కెటిల్ దించాడు.

బండి వెళ్లిపోయాక హన్మయ్య నెమ్మదిగా చుట్టూ చూశాడు. "ఆ మాట ఎవరి గొంతుల ఒచ్చింది?"

"జంగప్ప గొంతుల!" అన్నారు జనం ఒక్కసారిగా.

"నేన్గాదు పటేలా! ఆమెనే అన్నది. నా చెవులార ఇన్న. ఆమె అన్నదని చెప్పిన, గంతే!" అని జంగప్ప గింజుకున్నాడు.

దేవమ్మ కొంగు తీసింది. అబద్ధమాడటం ఎరగని మనిషి, ఏదో చెప్పబోయింది. శాంతవ్వ గబుక్కున చేత్తో ఆమె నోరు మూసి, ఆ చెయ్యి మళ్లీ తియ్యలేదు.

"అంజిలయ్యా, దేవమ్మ మైకుల ఆ మాట ఒచ్చిందా? కుడి చెవి సంగతి చెప్పు," అన్నాడు హన్మయ్య.

అంజిలయ్య నాబుల మీద చేతులు తియ్యకుండానే తల ఎత్తాడు. "కుడి చెవిల రాలే పటేలా."

"మరి ఎడమ చెవి? ఎడమ చెవిల ఏమొచ్చిందో అడుగుండ్రి!" అని ఎంకమ్మ లేచింది.

హన్మయ్య అంజిలయ్యనొకసారి, నాబుల మీదున్న అతని చేతులనొకసారి చూశాడు. చూడవలసినంత సేపు చూశాడు. "ఎడమ చెవి అననిది గూడ ఇంటది. దాని సాక్ష్యం చెల్లది," అన్నాడు. "మైకుల ఒచ్చిందే మాట. జంగప్ప తెంపుకున్నడు. పిల్ల తల్లితోని."

ఎంకమ్మ ఇంత దుమ్ము తీసి పందిరి మీద పోసి, కొడుకును ముందేసుకుని తిట్టుకుంటూ వెళ్లింది. శాంతవ్వ చెయ్యి తీసింది. దేవమ్మకు ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు. పోయిందనుకున్న పిల్ల తనదేనంటున్నారు. ఆమె కండ్లు జనంలో మొగులమ్మను వెతుకుతున్నాయి.

అంజిలయ్య దేవమ్మ నాబును మెల్లగా ఇంతకుముందున్న చోటికి తెచ్చాడు. ఎడమ చెవిలో ఒక మాట వచ్చింది. వినగానే అతనికి కండ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇగ సమానం లేదు గిమానం లేదని నాబును చివరిదాకా తిప్పాడు.

"బిడ్డా!" అన్నది దేవమ్మ.

రెండు హారన్లూ కలిసి పిలిచాయి. పందిట్లో ఉన్న ఆడపిల్లలంతా తల ఎత్తారు. బాయి కాడ బట్టలుతుకుతున్న ఆమె వెనక్కి తిరిగింది. స్టేషనులో గంపలతో కూచున్న ఆడవాళ్లు లేచి నిలబడి ఎటునుంచని చూశారు. మొగులమ్మ సద్దిమూట పట్టుకుని అందరి కాళ్ల మీదుగా దూకి ఉరికింది. అరవై ఏండ్ల శాంతవ్వ, తన కన్న అవ్వ పోయి ఎంతకాలమైందో లెక్క కూడా మరిచిన మనిషి, దేవమ్మ పక్కనే కూచుని ఉండి "ఓ అవ్వా, ఒస్తున్న!" అని గట్టిగా పలికింది.